మా హాలు మధ్యలో లేని స్తంభం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. నేను ఇల్లు కట్టాను. ఆ ఇంట్లోకి పెళ్ళిమండపం ముక్క ఒకటి పట్టుకొచ్చాను. కాబట్టి రెండూ చూసినట్టే లెక్క.

నాకు కోపం ఎక్కువని మా ఆయన నలుగురిలో చెబుతూ ఉంటారు. ఎక్కువేం కాదు, సమయానికి వస్తుంది, అంతే. ఈ కథలో చాలాసార్లు సమయానికే వచ్చింది. చదివాక మీరే చెప్పండి, నా స్థానంలో ఇంకెవరున్నా ఏం చేసేవారో.

ముందు మేం బెంజ్ సర్కిల్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఆ ఫ్లాట్ హాల్లో సరిగ్గా నడిమధ్యన ఒక స్తంభం ఉండేది. గోడలో కలిసిపోయిన బుద్ధిమంతురాలైన స్తంభం కాదు. పిలవని పేరంటానికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడిన రకం. ఇదేమిటయ్యా అని బిల్డరును నిలదీస్తే, "కింద పార్కింగులో కార్లు తిరగడానికి దారి కావాలి కదండీ మేడమ్, అక్కడ సర్దితే ఇక్కడ తేలింది" అన్నాడు. అంటే కింద కార్లు హాయిగా తిరగడానికి పైన మేం స్తంభం చుట్టూ ప్రదక్షిణం చేయాలన్నమాట. మా ఆయన సోఫాలో కూర్చుని క్రికెట్ చూస్తే బౌలర్ కనిపించేవాడు, బ్యాట్స్‌మన్ స్తంభం చాటున ఉండేవాడు. ఎవరైనా అవుటైతే మెడ సాచి, ఎవరు పోయారో చూసి, మళ్ళీ మెడ లోపలికి తీసుకునేవారు. అన్నేళ్ళ కాపురంలో ఆయన మెడ ఒకవైపుకే బాగా తిరగడం అలవాటైంది.

అదంతా నేను భరించాను. గురువారం కూడిక దగ్గర మాత్రం భరించలేకపోయాను.

మా చర్చిలో స్త్రీల కూడిక ప్రతి గురువారం మధ్యాహ్నం ఒకరింట్లో జరుగుతుంది. చాపలు పరుస్తారు, కీర్తనలు పాడతారు, వాక్యం చదువుతారు, ఆ ఇంటివాళ్ళ కోసం ప్రార్థన చేస్తారు, టీ తాగుతారు, ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళందరి సంగతులూ మాట్లాడుకుంటారు. ఆఖరిది కార్యక్రమంలో లేదు కానీ ఎక్కువ సమయం దానికే పడుతుంది. వంతులవారీగా అందరి ఇళ్ళకీ వెళతాం. మా ఫ్లాటుకి ఒక్కసారి వచ్చారు. సగంమంది స్తంభానికి ఇవతల, సగంమంది అవతల, మిగిలినవాళ్ళు బయట మెట్ల మీద. పాట ఎత్తుకుంటే ఇవతలివాళ్ళు రెండో చరణంలోకి వెళ్ళిపోయారు, అవతలివాళ్ళు ఇంకా పల్లవిలోనే ఉన్నారు, మెట్ల మీదివాళ్ళు వేరే పాట పాడుతున్నారు. ప్రార్థన మధ్యలో పై అంతస్తువాళ్ళ గ్యాస్ బండ దింపడానికి మెట్ల మీదివాళ్ళందరూ లేచి దారి ఇవ్వాల్సి వచ్చింది.

అంతే. ఆ తర్వాత మా వంతు వచ్చిన ప్రతిసారీ అమ్మగారు, "నీకెందుకమ్మా శ్రమ" అని నవ్వి, మా తర్వాతి వాళ్ళ ఇల్లు చెప్పేసేవారు.

అమ్మగారంటే మా కూడికకు పెద్ద. రిటైరైన హెడ్‌నర్సు. ఎనభై దగ్గర పడుతున్నా ఆవిడ గొంతు వినిపిస్తే ఇప్పటికీ అందరం వార్డులో పేషెంట్లలా సర్దుకుని కూర్చుంటాం. మంచి మనిషి. చెడ్డ మనిషైతే పోట్లాడేదాన్ని, మనసు తేలికపడేది. మంచిగా నవ్వుతూ, నా శ్రమ తగ్గించడానికే అన్నట్టు మా ఇంటిని దాటేసేవారు. నాకు ఏడుపొచ్చేది. అందరి ఇళ్ళలో కూర్చున్నాను, అందరి టీ తాగాను, అందరి ఇళ్ళ కోసం మోకాళ్ళు నొప్పెట్టేదాకా ప్రార్థన చేశాను. నా ఇంటి కోసం మాత్రం నేనొక్కదాన్నే చేసుకోవాలి. ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. నాకు కాదు.

మా ఆయన కరెంటు ఆఫీసులో రిటైరయ్యాక పామర్రు రోడ్డులో ప్లాటు తీసుకున్నాం. నిన్న మొన్నటిదాకా వరిచేను. ఇల్లు గీయడానికి మా ఆడపడుచు కూతుర్ని పిలిచాం. ఆర్కిటెక్టు. గుండ్రటి కళ్ళద్దాలు, నల్ల బట్టలు, మాట్లాడేటప్పుడు చేతుల్తో గాల్లో గదులు కడుతుంది.

"ఏం కావాలి అత్తా నీకు?" అంది.

"హాలు కావాలి. మా కూడిక మొత్తం పట్టాలి. మధ్యలో స్తంభం ఉండకూడదు. మిగతా ఇల్లు నీ ఇష్టం, వంటగది మేడ మీద పెట్టినా అడగను" అన్నాను.

పిల్ల నన్ను వాటేసుకుంది. "అందరూ బాత్రూములెన్ని, అల్మారాలెన్ని అని అడుగుతారు అత్తా. నా దగ్గరికొచ్చి స్పేస్ అడిగిన మొదటి మనిషివి నువ్వే!" అంది. ఆ తర్వాత స్ట్రక్చరుకీ స్పేసుకీ ఉన్న సంబంధం గురించి చాలాసేపు చెప్పింది. ఒకటి నిలబడుతుందట, ఒకటి ప్రవహిస్తుందట. నిలబడేది పక్కకు తప్పుకుంటే తప్ప ప్రవహించేది ప్రవహించదట. నాకు అర్థమైంది ఏమిటంటే స్తంభం ఉండదని. అది చాలు నాకు.

ఇక్కడ చిన్న సాంకేతిక విషయం చెప్పాలి, విసుక్కోకండి. మామూలుగా ఇళ్ళలో దూలాలు శ్లాబు కింద వేలాడుతూ కనిపిస్తాయి. పెద్ద హాలుకి, మధ్యలో స్తంభం లేకపోతే, దూలం ఇంకా లోతుగా దిగుతుంది. తల ఎత్తితే గుదిబండలా కనిపిస్తుంది. మా పిల్లకు అదీ నచ్చలేదు. దూలాలన్నిటినీ శ్లాబు పైకి తిప్పి పోయించింది. శ్లాబు వాటి కింద అతుక్కుని వేలాడుతుందన్నమాట. కింద హాల్లోంచి చూస్తే పైకప్పు నున్నగా, చదునుగా, ఒక్క గీతైనా లేకుండా ఉంటుంది. దూలాలు మేడ మీద మోకాలెత్తున గట్లలా నిలబడ్డాయి.

మా ఆయన మొదటిసారి మేడెక్కి చూసి పరమానందపడ్డారు. "ఏమే, చేను పూడ్చి ఇల్లు కట్టాం అనుకుంటే ఈ పిల్ల మళ్ళీ మడులు కట్టిందే!" అన్నారు. ఒక మడిలో మిరపకాయలు ఎండబెట్టారు, ఒక మడిలో గుమ్మడి వడియాలు, ఒక మడిలో తనే పడక్కుర్చీ వేసుకున్నారు. వాన నీళ్ళు పోవడానికి గట్లకు పెట్టిన తూములు రోజూ పొద్దున్నే ఎక్కి చూసుకునేవారు. మళ్ళీ రైతైనట్టు ఫీలైపోయారు, పుట్టి బుద్ధెరిగాక నాగలి ముట్టిన మనిషి కాదు.

నాకు మాత్రం హాలు ముఖ్యం. తలుపు తీసి నిలబడితే ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఎక్కడా కంటికి అడ్డు లేదు. ఆ మొదటి రోజు నేను చీర కొంగు దోపుకుని హాలు మధ్యలో చేతులు చాపి గిర్రున తిరిగాను. నా వయసు ఇక్కడ అనవసరం.

ఆదివారం చర్చి వదలగానే అందరినీ పిలిచాను. గురువారం ఆటోల్లో దిగారు. కొత్త చాపలు పరిచాను. గారెలకు పిండి రుబ్బి ఉంచాను. అమ్మగారు అందరికంటే ముందు చెప్పులు విడిచి గుమ్మంలో కాలు పెట్టారు, పెట్టిన కాలు అక్కడే ఆపారు. వెనకవాళ్ళు వెనకే ఆగిపోయారు. అందరి తలలూ ఒక్కసారి పైకి లేచాయి.

"అమ్మాయ్, ఇంత హాలుకి స్తంభం ఏదే?" అన్నారు అమ్మగారు.

"లేదండీ!" అన్నాను, ఏదో బహుమతి వచ్చినట్టు.

"మరి శ్లాబు దేని మీద ఆగింది?"

"దూలాల మీదండీ."

"దూలాలేవి?"

"పైనున్నాయండీ. మేడ మీద."

అమ్మగారు నా మొహంలోకి చూశారు. జ్వరం ఎంతుందో అంచనా వేసే చూపు అది. "దూలం పైన, శ్లాబు కిందానా? గొడుగు కర్ర గొడుగు మీద పెట్టుకుంటారటే ఎవరైనా?" అన్నారు.

వెనకనుంచి ఇంకొకావిడ అందుకుంది. "బైబిల్లో ఆ పొడుగు జుట్టున్న బలవంతుడు గుడి స్తంభాలు రెండూ తోసేస్తే అంతమందీ నలిగిపోయారు కదమ్మా! ఇక్కడ ఆ రెండూ కూడా లేవే!"

"లేనివాటిని తోయడానికి ఎవరొస్తారండీ?" అన్నాను. న్యాయమైన మాట. ఎవరూ వినిపించుకోలేదు.

ఆ రోజు కూడిక ఎలా జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందరూ గోడలకు వీపులు ఆనించి చుట్టూరా కూర్చున్నారు. గోడ దొరకనివాళ్ళు గుమ్మాల్లో కూర్చున్నారు. అదీ దొరకనివాళ్ళు నాకు సాయం చేస్తామని వంటింట్లోకి వచ్చేశారు. మధ్యలో నా కొత్త చాపలు, ప్లాస్టిక్ మెరుపుతో, ఖాళీగా. ఇటు గోడవాళ్ళకీ అటు గోడవాళ్ళకీ మధ్య ఎంత దూరమంటే పాట మళ్ళీ రెండు ముక్కలైంది. కళ్ళు మూసుకుని చేయాల్సిన ప్రార్థన అందరూ కళ్ళు తెరిచి, పైకి చూస్తూ చేశారు. ఇంత భక్తిగా పైకి చూసిన కూడిక ఇంకోటి ఉండదు. గారెలు నోట్లో పెట్టుకుని టీ ఊదుకోకుండా తాగేసి లేచారు.

గేటు దగ్గర అమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "ఇల్లు బావుందమ్మా. గాలీ వెలుతురూ బావున్నాయి. కానీ గుండెజబ్బువాళ్ళున్నారు, బీపీవాళ్ళున్నారు. మళ్ళీ ఇక్కడంటే నీకెందుకు శ్రమ" అన్నారు.

మళ్ళీ అదే మాట! ఆటోలు వెళ్ళిపోయాక నేను లోపలికొచ్చి ఆ చాపల మీద కూర్చుని ఏడ్చాను. హాలు పెద్దది కావడం వల్ల ఏడుపు కూడా మారుమోగింది. మేడ మీద మిరపకాయలు తిరగేస్తున్న మా ఆయన, "ఏమైందే?" అని కిందికి పరుగెత్తుకొచ్చారు.

ఆడపడుచు కూతురికి ఫోన్ చేసి చడామడా దులిపేశాను. "భయపడకు అత్తా, అర్థమయ్యేలా నేను చెప్తాగా" అని ఆదివారం చర్చికి వచ్చింది. వరండాలో అమ్మగారి ముందు స్టూలు వేసుకుని, రెండు టీ గ్లాసులు దూరంగా పెట్టి, వాటి మీద పొడుగాటి రస్కు ఒకటి పరిచింది. "ఇదీ శ్లాబండీ. ఇలా పడుకోబెడితే బలం ఉండదు. అదే రస్కుని అంచు మీద నిలబెడితే, చూడండి, దూలమైపోతుంది. ఎంత బరువైనా మోస్తుంది. మీరే నొక్కి చూడండి అమ్మగారూ!"

అమ్మగారు నొక్కారు. వేలా అది, ఎంతమందికి ఇంజెక్షన్లు పొడిచిన వేలు! రస్కు మధ్యకి పుటుక్కున విరిగింది.

"చూశావా తల్లీ" అన్నారు అమ్మగారు, చాలా జాలిగా. విరిగిన రెండు ముక్కలూ టీలో ముంచుకుని తినేశారు. కూడికవాళ్ళందరూ నిట్టూర్చారు. అప్పటిదాకా మా ఇల్లు కూలుతుందేమో అనుకున్నవాళ్ళు ఇక కూలుతుందనే నిశ్చయానికి వచ్చారు.

అప్పుడొచ్చింది నాకు కోపం, సమయానికి. స్తంభమే కావాలా మీకు? ఇస్తాను!

మా ఆయన్ని తీసుకుని బెంజ్ సర్కిల్ అవతల ఒక పెళ్ళి డెకరేషన్ల గోడౌనుకి వెళ్ళాను. అక్కడ మండపాల స్తంభాలు అడవిలా నిలబెట్టి ఉన్నాయి. ఫైబరువి. చూడటానికి రాతి కట్టడం, ఎత్తితే గాలి. వాటిలో లావుగా, గంభీరంగా, బంగారు రంగులో, అడుగున చుట్టూ ఏనుగులున్న స్తంభాన్ని ఎంచాను. గోడౌన్ ఆయన, "నాలుగు సెట్టండీ, ఒక్కటి ఎందుకండీ? ఒంటిస్తంభం మండపం ఎవరూ వెయ్యరండీ" అన్నాడు. "మా పెళ్ళి అలాంటిది" అన్నాను. వెంటనే రసీదు రాసిచ్చాడు.

గూడ్స్ ఆటోలో పడుకోబెడితే స్తంభం తల బయటికి వచ్చింది. మా ఆయన వెనక కూర్చుని దాన్ని కౌగిలించుకున్నారు. బెంజ్ సర్కిల్‌లో, సాయంత్రం రద్దీలో, ఆటో ఇరుక్కుపోయింది. నాలుగు వైపులా హారన్లు. బైకుల మీద కుర్రాళ్ళు ఫోన్లు తీసి ఫొటోలు. ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి, స్తంభాన్ని చూసి, దాన్ని వాటేసుకున్న మా ఆయన్ని చూసి, "పెళ్ళెవరికండీ?" అని అడిగాడు.

"మా హాలుకండీ" అన్నారు మా ఆయన, అబద్ధమాడటం చేతకాక.

ఇంటికి తెచ్చి నిలబెట్టాం. నిలబెట్టాక తెలిసింది, స్తంభం మా శ్లాబుకి అందలేదు. పైన జానెడు సందు. శ్లాబుని మోయాల్సిన స్తంభం దాని మొహం కూడా తాకకుండా నిలబడితే ఎవరు నమ్ముతారు? మా ఆయన కొత్త ఫ్రిజ్ పెట్టెలోంచి థర్మకోల్ తెచ్చి, కోసి, పైన కిరీటంలా పెట్టి, తెల్లరంగు వేశారు. స్తంభానికంతా తెల్లరంగే వేశాం. ఏనుగుల్ని ఏం చేయాలో తెలియలేదు. వాటిని చేసిందీ దేవుడే కదా అని వదిలేశాం.

పిల్ల వచ్చి చూసి గుమ్మంలోనే కూలబడింది. నిజంగా కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నా స్పేస్‌ని చంపేశావు అత్తా" అంది.

"నీ స్పేసులో ఎవరూ కూర్చోలేదు కదే!"

"అది కాదు అత్తా. ఏమీ మోయని స్తంభం పెట్టడమంటే అబద్ధం చెప్పడమే. స్ట్రక్చర్ అబద్ధం చెప్పకూడదు."

"ఓహో! అంత బరువు మోస్తూ దూలాలు మేడెక్కి దాక్కుంటే అది నిజమా? మోసేది కనిపించకూడదు అన్నది నువ్వు. కనిపించేది మోయనక్కర్లేదు అంటున్నది నేను. ఇద్దరం ఒక తానులో ముక్కలమే, ఏడవకు" అన్నాను.

పిల్ల కళ్ళద్దాలు తుడుచుకుంది. లేచి వచ్చి స్తంభం చుట్టూ తిరిగి, "ఎలాగూ చంపావు, సరిగ్గా చంపు. ఇది సెంటర్లో లేదు" అని టేపు తీసి కొలిచి, మా ఆయన చేత అంగుళం అంగుళం జరిపించింది. వాళ్ళ చదువు అలాంటిది.

మళ్ళీ అమ్మగారి దగ్గరికెళ్ళి, "మీ మాట విని స్తంభం పెట్టించానండీ" అన్నాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆవిడ మొహం విప్పారింది. "పెద్దవాళ్ళ మాట వింటే చెడిపోయేదేం లేదమ్మా. ఈ గురువారమే వస్తాం" అన్నారు.

వచ్చారు. గుమ్మంలో ఆగి, చూసి, ఒక్కసారిగా అందరూ ఊపిరి వదిలారు. అలా లోపలికి నడిచొచ్చారు చూడండి, కాలవ గట్టు తెగినట్టు! స్తంభం చుట్టూ కూర్చోవడానికి ఒకరినొకరు తోసుకున్నారు. "నాకు నడుంనొప్పి, నేను ఆనుకుంటా" అంటే "నాకు మాత్రం లేదా" అని ఇంకొకరు. చివరికి అమ్మగారు వచ్చి స్తంభానికి వీపు ఆనించి కూర్చుంటే అందరూ సద్దుమణిగారు. గోడల దగ్గర ఒక్కరంటే ఒక్కరు లేరు. చాపలు కనిపించలేదు. సాయానికి వచ్చిన పిల్ల లోపల గారెల పిండి కలుపుతుంటే, నేను గరిటెతో వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. పాట అందరి గొంతుల్లో కలిసి ఒకే చరణంలో సాగింది. ఇన్నేళ్ళకి నా ఇంట్లో.

తర్వాత అమ్మగారు మా ఇంటి కోసం ప్రార్థన మొదలుపెట్టారు. మా ఆయన్ని దీవించమన్నారు, మేడ మీది వడియాల్ని కూడా దీవించమన్నారు. "ఈ ఇంటిని మోసే ఈ స్తంభం కోసం వందనాలు ప్రభువా" అని, ప్రేమగా, వెనక్కి బాగా ఆనుకున్నారు.

స్తంభం కిర్రుమంది.

నాకు తెలుసు ఏం జరగబోతోందో. గరిటె పట్టుకునే పరుగెత్తాను. ఎక్కడ అందుతుంది! స్తంభం నింపాదిగా, ఆవులిస్తున్నట్టు, వెనక్కి ఒరిగింది. దానితోపాటు అమ్మగారు కూడా ఒరిగారు. థర్మకోల్ కిరీటం ఊడి ఎవరి తల మీదో పడి దొర్లింది. ఒక్కసారిగా "ప్రభువా!" అని అందరూ తలల మీద చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, శ్లాబు కోసం ఎదురుచూశారు.

శ్లాబు రాలేదు.

ఫ్యాను తిరుగుతోంది. మేడ మీద మా ఆయన ఏదో పాట ఈల వేసుకుంటున్నారు. ఒక్కొక్కరే కన్ను తెరిచారు. ఒకావిడ ఒళ్ళో ఊడిపడిన ఏనుగు ఉంది. వెల్లకిలా పడిన అమ్మగారు పైకప్పుని కాసేపు చూశారు. తర్వాత పక్కకి తిరిగి, పడిపోయిన స్తంభాన్ని రెండు వేళ్ళతో, రోగి ఛాతీ మీద తట్టి చూసినట్టు తట్టారు. టక్ టక్ మంది.

"డొల్ల" అన్నారు.

అందరూ నావైపు తిరిగారు. అప్పుడు నాకు వచ్చింది ఏడుపో కోపమో నాకే తెలియదు. "అవునండీ, డొల్లే! పెళ్ళిమండపంలోది! అది దేన్నీ మొయ్యదు. మీరు నమ్మని ఆ దూలాలే మోస్తున్నాయి, మొదట్నుంచీ అవే మోస్తున్నాయి! ఏం చెయ్యమంటారు నన్ను? స్తంభం ఉందని ఒక ఇంటికి రాలేదు, లేదని ఇంకో ఇంటికి రాలేదు. నాకు శ్రమ, నాకు శ్రమ అంటారు. ఆ శ్రమ కావాలనే కదండీ ఈ ఇల్లు కట్టుకున్నది! మీరందరూ ఒక్కసారి నా ఇంట్లో కూర్చుంటారని!" అన్నాను. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. దానితోనే కళ్ళు తుడుచుకోబోయాను.

అయిపోయింది, ఇక ఆటోలకి ఫోన్లు చేస్తారు అనుకున్నాను. అమ్మగారు ఇద్దరి చేతులు పట్టుకుని లేచి కూర్చుని, చీర సర్దుకున్నారు.

"లేపండే దాన్ని" అన్నారు.

"ఎవర్నండీ?"

"స్తంభాన్నే! నాకు నడుం ఆనించుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా."

"అది ఏమీ మొయ్యదని తెలిసిపోయిందిగా అమ్మగారూ" అంది ఒళ్ళో ఏనుగున్నావిడ.

"అది మొయ్యకపోతే మనం మోద్దాం. ఎంత బరువుందని? తలా ఒకవైపు ఆనుకుని కూర్చుంటే అదే నిలబడుతుంది. మీ అందరికీ నడుంనొప్పులన్నారుగా ఇందాక, రండి!"

లేపారు. మా పిల్ల వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "కొంచెం ఎడమకి, ఇంకొంచెం, ఆఁ అక్కడ!" అని నిలువు సరిచూసింది. అమ్మగారు ఒకవైపు ఆనుకున్నారు. అటువైపు, ఇటువైపు ఇద్దరు ఆనుకున్నారు. మిగిలినవాళ్ళు వాళ్ళ చుట్టూ జరిగారు. పైనున్న శ్లాబు వైపు ఒక్కరూ చూడలేదు. అమ్మగారి వెనకవైపు మాత్రం ఖాళీగా ఉండిపోయి స్తంభం అటే ఊగుతోంది.

"ఇటువైపు ఎవరూ లేరేం? అమ్మాయ్, నువ్వు రా" అన్నారు అమ్మగారు.

"పొయ్యి మీద నూనె ఉందండీ."

"నూనె సంగతి ఆ పిల్ల చూసుకుంటుంది. నీ ఇంటి కోసం ప్రార్థన చేస్తుంటే నువ్వు గుమ్మంలో నిలబడతావటే? రా, కూర్చో."

ఈ హాలు గీయించేటప్పుడు ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో అన్నీ అనుకున్నాను. మోకాళ్ళనొప్పివాళ్ళు కిటికీ దగ్గర, పాడేవాళ్ళు ఫ్యాను కింద. నేనెక్కడ కూర్చుంటానో మాత్రం అనుకోనే లేదు. గరిటె పిల్ల చేతికిచ్చి, వాళ్ళ మధ్యలోంచి కాళ్ళు తొక్కుకుంటూ వెళ్ళి కూర్చున్నాను. మెల్లగా వెనక్కి ఆనుకున్నాను. స్తంభం కొంచెం అటు ఒరిగింది. అటునుంచి అమ్మగారు తన వీపుతో ఇటు తోశారు. నిలబడింది. పాట మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నారు.